ఎడారిలో నిక్షేపములు

పూర్వం లంకెబిందెల కొరకు అంజనం వేసి చూచెడివారు. నేటి నిక్షేపాన్వేషకులకు అంజనం ఆకాశంలోనే ఉన్నది. భూమి చుట్టూ తిరుగుచున్న ఉపగ్రహాలే వారికి దారి చూపుచున్నవి.

ఆ సంకేతాలలో కొంత దోషాన్ని బుద్ధిపూర్వకంగా కలిపి పౌరులకు అందించెడి పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2000 మే ఆరంభంలో విడిచిపెట్టినది. వెంటనే మే 3వ తేదీన ఆరిగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనునాయన కొన్ని పుస్తకాలు, చిల్లర వస్తువులు ఒక పాత్రలో ఉంచి అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించినాడు. జియోకాషింగ్ అను వినోదం అట్లు పుట్టినది. కనుగొన్నవాడు పెట్టెలోని పుస్తకంలో చేవ్రాలు చేయవలెను. వస్తువేదైనా తీసికొన్నచో అంతటి విలువ గలది మరొకటి ఉంచవలెను.

అరిజోనాలోని యూమా పట్టణం ఈ వినోదానికి చక్కని రంగస్థలం. కొలరాడో నదీతీరమందలి ఈ ఊరికి పడమట కాలిఫోర్నియా, మరొక దిక్కున మెక్సికో దేశం ఉన్నవి. ఏడాది సగటు వర్షపాతం నాలుగంగుళాలైనా లేదు. పడమటి ఇసుక తిన్నెలపై 1915లో పలకలు పరచి వేసిన మోటారుబాట 1926లో కొత్త రోడ్డు రాగా మూలబడినది. దాని శిథిలాలు నేటికీ కొంత నిలిచియున్నవి. పెట్టె నెపమున బయలుదేరినవానికి ఇట్టి చరిత్ర ఎదురగును.

కాని ఊరికి తూర్పున ఉన్న ఎడారిబాటకు స్పానిష్ వారు పెట్టిన పేరు సైతాను దారి. 2001 మే నెలలో మెక్సికో నుండి సరిహద్దు దాటి వచ్చిన 26 మంది ఆ ప్రాంతంలో దారి తప్పగా, 14 మంది ఎండకు, దాహానికి ప్రాణాలు విడిచినారు. ఉపగ్రహాలు వారి నెత్తిమీద కూడ తిరుగుచునే ఉండెను. చేత యంత్రం లేనివానికి ఆ అంజనం పనిచేయదు.

జియోకాషింగ్ పుట్టిన 2000లోనే టూసాన్ నగరంలో హ్యూమేన్ బోర్డర్స్ అను స్వచ్ఛంద సంఘం ఏర్పడినది. అది అరిజోనా ఎడారిలో నీటిపీపాలు ఉంచి, వాటిప్రక్క ఎత్తైన గడలపై నీలి జెండాలు నిలిపినది. మన వేసవి చలివేంద్రాలకు అది దూరపు చుట్టము.

ముఖమెరుగని మనుష్యుని కొరకు ఉంచినవే ఈ రెండును. ఒకదానిని దాచుటలో నేర్పున్నది. రెండవదానిని పదిమంది కంటబడునట్లు నిలుపుటలో దయ యున్నది. పెట్టె దొరకనివాడు నవ్వుకొని ఇల్లు చేరును. నీరు దొరకనివాని కొరకు ఇంట ఎదురుచూపులే మిగులును.