చెట్టుకు ఆనించి మరచిన తుపాకి

2014 నవంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రాన, గ్రేట్ బేసిన్ జాతీయ ఉద్యానవనంలో పురావస్తు పరిశీలన జరుగుతున్నది. అక్కడ ఒక జూనిపర్ చెట్టు మానుకు ఆనించిన తుపాకి పరిశీలకుల కంటబడింది. ఎవరో ఇప్పుడే వచ్చి తీసుకుంటామని పెట్టి వెళ్ళినట్లున్నది. కానీ దాని కొయ్య ఎండకూ మంచుకూ బూడిదవన్నెకు తిరిగి నెర్రెలిచ్చింది. గొట్టం తుప్పుపట్టింది. మడమ కొంతమేర మట్టిలో కూరుకుపోయింది. యంత్రభాగంపై 'మోడల్ 1873' అన్న అక్షరాలు మాత్రం చెదరలేదు.

అది వించెస్టర్ కంపెనీవారి లివర్ యాక్షన్ రైఫిల్. మామూలు కొలతలతో చూస్తే అది వట్టి శిథిలం. అయినా పాత తుపాకికి విలువ ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఈ రకం తుపాకిలో చేతిపట్టు కింద ఒక మీట ఉంటుంది. దానిని కిందికి తోసి వెనక్కు లాగితే చాలు: కాలిన తూటా గుల్ల బయటకు ఎగిరిపడుతుంది, గొట్టం కింది నాళంలోని కొత్త తూటా పైకి వస్తుంది, సుత్తి బిగుస్తుంది. 1860లో వచ్చిన హెన్రీ రైఫిల్‌తో ఈ పద్ధతికి పేరు వచ్చింది. దానిని తయారుచేసిన సంస్థకు అధిపతి ఆలివర్ వించెస్టర్. అంతకుముందు ఆయన చొక్కాల వ్యాపారి. ఆయన కంపెనీ పేరుతోనే తరువాత 1866, 1873, 1894 మోడళ్ళు వెలువడ్డాయి. 1873 మోడల్ ఒక్కటే ఏడు లక్షలకు పైగా తయారైంది.

ఇన్ని లక్షలలో ఏది మేలైనది? సేకర్తలు ముందుగా తుపాకిలో తూటా లేదని రూఢి చేసుకుంటారు. ఆ తరువాత చూసేది అందం కాదు, అసలుతనం. లోహంపై నీలిపూత ఫ్యాక్టరీలో వేసినదేనా? చెక్కిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, సానపట్టి అరగదీశారా? స్క్రూల గాళ్ళు చెదిరాయా? కొయ్య కన్న లోహం ఎత్తుగా ఉంటే, ఎవరో గరుకు కాగితంతో కొయ్యను రుద్దారన్న మాటే. మన ఇళ్ళలో ఇత్తడి బిందెకు చింతపండుతో తోమితేనే అందం. పాత తుపాకికి మాత్రం ఆ తోముడే శాపం. ఒక్క పూట శ్రద్ధతో చేసిన మెరుగు నూరేళ్ళ సాక్ష్యాన్ని తుడిచివేస్తుంది, ధరను కూడా.

తయారైన కాలానికీ విలువ ఉన్నది. ఖర్చు తగ్గించడానికి వించెస్టర్ 1964లో తయారీ పద్ధతులను మార్చింది. అందుచేత అంతకుముందువాటిని 'ప్రీ-64' అని పిలిచి ఎక్కువ ధర పెడతారు.

అరుదైనవాటికి మోసాల బెడద ఎక్కువ. గురి బాగా కుదిరిన గొట్టాలను ఏరి, 'వెయ్యింటిలో ఒకటి' అని చెక్కి, కంపెనీ 1870లలో ప్రత్యేకమైన రైఫిళ్ళను అమ్మింది. 1873 మోడల్‌లో అటువంటివి నూట ముప్పైకి కొంచెం పైగా మాత్రమే ఉన్నాయి. 1950లో 'వించెస్టర్ 73' చలనచిత్రం ప్రచారానికి స్టూడియోవారు వాటి యజమానులకోసం ప్రకటనలిచ్చి వెదికించారు. కీర్తి పెరిగినకొద్దీ నకిలీలూ పుట్టాయి. వాటిని పట్టి ఇచ్చేది క్రమసంఖ్య. వ్యోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణపు మ్యూజియంలో కంపెనీ పాత దస్తరాలున్నాయి; తుపాకి చెప్పే కథ నిజమో కాదో అక్కడ సరిచూసుకోవచ్చు.

చెట్టు దగ్గర దొరికిన తుపాకినీ అక్కడికే తీసుకువెళ్ళారు. లోపల తూటా ఉన్నదేమోనని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించారు. గొట్టంలో ఏమీ లేదు; మడమలోని చిన్న అరలో మాత్రం ఒక్క తూటా దొరికింది. అది 1887, 1911 మధ్యకాలపుదని తేలింది. తుపాకి 1882లో ఫ్యాక్టరీ గిడ్డంగి నుంచి బయలుదేరినట్లు దస్తరం చెప్పింది. ఎవరికోసమో చెప్పలేదు.

నిపుణులు దానికి మెరుగు పెట్టలేదు, కొత్త కొయ్య వేయలేదు. రాలిపోతున్న పెచ్చులు నిలిచేటట్లు మాత్రం అతికి, దానిని తిరిగి ఉద్యానవనానికి అప్పగించారు. దానిని చెట్టుకు ఆనించిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. అతడు వదలిన వస్తువు మాత్రం, ఎవరూ బాగుచేయనందువల్లనే, ఇంకా అతడిదిగానే ఉన్నది.