సగం గీకిన తీగ

"తాతా, ఇది తిరగట్లేదు!"

వసారాలో బాసింపట్టు వేసుక్కూర్చున్న మా మనవరాలికి ఏడుపొక్కటే తక్కువ. దాని ముందు టార్చిలైటు బ్యాటరీ ఒకటి. బ్యాటరీ రెండు కొసలకూ వాళ్ల నాయనమ్మ డబ్బాలోంచి కొట్టేసిన పిన్నీసులు, అవి జారిపోకుండా పాత సైకిలు ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీ. బ్యాటరీ నడుం మీద చిన్న అయస్కాంతం. దాని పైన, పిన్నీసుల కన్నాల్లో ఉయ్యాలలా వేలాడుతూ పది చుట్లు చుట్టిన రాగితీగ. నమ్మండి, అది ఎలక్ట్రిక్ మోటారే.

"కొసలు గీకావా?" అని అడిగెయ్యడం ఎంతసేపు? నోరు కట్టుకున్నాను. "కరెంటు ఎక్కడ బయల్దేరి ఎటు పోతోందో వేలు పెట్టి చూపించమ్మా" అన్నాను. బ్యాటరీ మీంచి పిన్నీసు దాకా వచ్చిన వేలు తీగ దగ్గర ఆగిపోయింది. "దీనికి పూత ఉంది కదూ!" అంటూ ఉప్పుకాగితం కోసం పరిగెత్తింది.

అది వచ్చేలోపు ఓ కబురు చెబుతాను. ఇలాంటి బొమ్మలను మన దేశంలో బళ్లకు చేర్చిన పెద్దమనిషి అరవింద్ గుప్తా గారు. 1975లో కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, పూణేలో లారీలు తయారుచేసే కంపెనీలో చేరారు. 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా పల్లెలకు వెళ్లారు. పాఠం వల్లె వేయించడం మాని, పిల్లల చేతే ప్రయోగాలు చేయించే కార్యక్రమం ఒకటి 1972 నుంచి అక్కడ నడుస్తూ ఉండేది. మొదట 16 బళ్లే.

ప్రయోగశాలలు లేని చోట సామాను ఎక్కడిది? ఆయన వారపు సంతలో వెతికారు. సైకిలు వాల్‌ట్యూబు దొరికింది. చిన్న ముక్క కోసి రెండు వైపులా రెండు అగ్గిపుల్లలు గుచ్చితే మోచేయిలా వంగే కీలు తయారు. మూడు పుల్లలతో త్రికోణం కట్టి నొక్కండి, బిగుసుకుని నిలబడుతుంది. నాలుగు పుల్లల చతురస్రం ఇట్టే పక్కకు ఒరిగిపోతుంది. రైలు వంతెన నిండా ఆ త్రికోణాలెందుకో పిల్లవాడికి ఇక వేరే చెప్పక్కర్లేదు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నేను పంతులుగా చేరిన కొత్తలో బోర్డు మీద మోటారు బొమ్మ వేసి భాగాలు గుర్తించమనేవాణ్ణి. పిల్లలకు మార్కులు బాగానే పడేవి. మోటారు మాత్రం ఒక్కరి చేతిలోనూ తిరగలేదు. ఆ మోటారు తిప్పడం నాకే చేతకాదని చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

"తాతా! ఊగింది, మళ్లీ ఆగిపోయింది." రెండు కొసలూ తళతళలాడేలా గీకేసింది.

"ముందు తీగ తియ్యి, ఊరికే వేడెక్కుతుంది. ఇప్పుడు చెప్పు. నువ్వు ఉయ్యాల ఊగుతుంటే మీ అన్న ముందుకు తోసినట్టే తోసి, వెంటనే వెనక్కి లాగితే?"

"ఊగనే ఊగదు."

అచ్చం అదే జరుగుతోంది. కరెంటు పారితే తీగ చుట్ట కూడా అయస్కాంతమైపోతుంది. కింది అయస్కాంతం దాన్ని అర చుట్టు తిప్పుతుంది. తర్వాతి అర చుట్టులో ఆ బలమే వెనక్కి గుంజుతుంది.

"అయితే వెనక్కి గుంజేటప్పుడు కరెంటు ఆపాలి" అంది.

"ఆపడానికి స్విచ్చేదీ?"

చాలాసేపు మాటల్లేవు. తీగ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత కొత్త తీగ తీసి మళ్లీ పది చుట్లు చుట్టింది. ఒక కొస మొత్తం గీకింది. రెండోదాన్ని మాత్రం బల్ల మీద ఆనించి పైవైపే గీకి, కిందివైపు పూత అలాగే ఉంచింది. వేలితో చిన్నగా తట్టగానే చుట్ట గిర్రున తిరిగింది. పూత ఉన్న వైపు పిన్నీసుకు తగిలినంతసేపూ కరెంటుండదు. ఆ అర చుట్టూ అది తన ఊపు మీద తానే దాటేస్తోంది.

"ఈ మాత్రం ముందే చెప్పొచ్చుగా తాతా!"

"చెప్పేస్తే నువ్వూ రెండు వైపులా గీకిన తీగలా అక్కడే ఊగుతూ ఉండేదానివే" అన్నాను.