మునిగిన మరబోటు యంత్రము

1897లో ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీసెల్ నడిపి చూపిన యంత్రము, 1903 నాటికే ఫ్రాన్సున పెతీత్ పియేర్ అను కాలువపడవ నెక్కినది. బాయిలరుతో పని లేక, గాలిని బలముగా అదిమి వేడెక్కించి ఆ వేడిలో చమురును చిమ్మి మండించు ఆ ఉపాయమే నేడు విశాఖ, కాకినాడ రేవుల మరబోట్లకు ఆధారము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ రేవున ముంచిన బోట్లవలె నీట మునిగి, ఆ పిమ్మట పాకలో మూలబడిన యంత్రమునకు మరల ఊపిరి పోయుట ఎట్లు?

ఇచ్చట సామాన్యబుద్ధికి తోచని విషయ మొకటున్నది. నీటిలో కరిగియుండు ప్రాణవాయువు స్వల్పమగుటచే మునిగినంతకాలము తుప్పు మెల్లగనే పట్టును. పైకి తీసినది మొదలు, లీటరునకు 35 గ్రాముల ఉప్పుగల ఆ తడికి గాలి తోడై, గంటలలోనే సిలిండరు గోడలు ఎర్రబారును. కావున వెంటనే పని మొదలిడ వీలు లేనియెడల, దానిని మంచినీటి తొట్టిలో ముంచియుంచుటయే మేలు.

మూలబడిన యంత్రమును బ్యాటరీ తగిలించి తిప్పజూచుట ఘోరమైన తొందరపాటని నా నమ్మకము. గాలి తన పరిమాణమున ఇంచుమించు పదునారవ పాలునకు కుదియును, నీరు కుదియదు. సిలిండరులో నీరు నిలిచియున్న, పైకి వచ్చు పిస్టను దానికి తగిలి ఆగును, కనెక్టింగురాడ్డు వంగును. అందుచే ముందుగా చమురు చిమ్ము నాజిళ్లు విప్పి, ఆ రంధ్రములగుండ పలుచని నూనె పోసి, పిస్టను రింగులు గోడలకంటుకొన్న చోటికి అది ఇంకువరకు దినములకొలది ఓర్చి, ఫ్లైవీలును చేతితో ముందునకు వెనుకకు వెంట్రుకవాసిగా కదుపవలెను. కదలిననాడు రంధ్రములనుండి తుప్పునీరు ఎగజిమ్మును. అడుగునుండి దించిన ఆయిలు పాలు కలిపిన కాఫీవలె నుండును. ఆ రంగు పోవువరకు ఎన్నిసార్లైనను ఆయిలు మార్చవలసినదే. ఇచ్చట పిసినితనము పనికిరాదు.

అన్నింటికంటె సుకుమారమైనది ఇంధనపు పంపు. అందలి ప్లంజరునకు దాని గొట్టమునకు నడుమ ఎడము మిల్లీమీటరులో వేయవవంతునకు రెండుమూడింతలు మాత్రమే. డీసెలుకంటె బరువైన నీరు ట్యాంకు అడుగున చేరి అచ్చటి కేగినచో, ప్లంజరు పట్టివేయుటకు పిసరంత తుప్పు చాలును. ట్యాంకు అడుగు కడిగి, ఫిల్టర్లు మార్చి, గాలి విడుచు స్క్రూ సడలించి బుడగలు ఆగువరకు డీసెలు కారనిచ్చి, చల్లార్చు నీటిని తోడు పంపునందు బిరుసెక్కిన రబ్బరు చక్రమును తీసి క్రొత్తది వేసి, అప్పుడు స్టార్టు చేయవలెను. లేచినదానిని వెంటనే ఆపరాదు. లోపలి తేమ ఆవిరియై పోవునంత వేడెక్కించి, ఆ వేడిమీదనే ఆయిలును ఇంకొకసారి దించవలెను.