టీవీకి టైంటేబుల్ ఉన్న రోజులు



రామాయణం వచ్చే టైంకు ఊళ్లో బజార్లన్నీ ఖాళీ అయ్యేవని మనలో చాలామంది పిల్లలకు చెప్పే ఉంటాం. వాళ్లు వెంటనే అడిగే ప్రశ్న కూడా మనకు తెలుసు: "అంత తొందరెందుకు, తర్వాత చూసుకోవచ్చు కదా?" తర్వాత అనేదే లేదంటే నమ్మరు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు టీవీ ముందు లేకపోతే ఆ వారం భాగం పోయినట్టే. సోమవారం బడిలో పక్క బెంచీవాడు చెప్పిందే రామాయణం.

"మా రోజులే బాగుండేవి" అనే మాట ఇక్కడే మొదలవుతుంది. నిజంగా బాగుండేవా అన్నది కాసేపు ఆగి చూద్దాం. ముందు ఆ టైంటేబుల్ ఎందుకు ఉండేది, మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతానికి అది ఎలా వచ్చింది అన్నది తెలుసుకుందాం. ఇంట్లో పిల్లలకు చెప్పదగ్గ కథ ఇది. టీవీ చరిత్రలో మన పాత పాలమూరు జిల్లాకు ఒక చోటు ఉంది. అది మనలోనే చాలామందికి తెలియదు.

బడి పాఠంతో మొదలు

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11 వరకు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోవే. ఇక్కడి పల్లెలకు టీవీ సీరియల్‌తో రాలేదు, సినిమాతోనూ రాలేదు. 1975 ఆగస్టు 1న ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. దాన్ని 'సైట్' అని పిలిచేవారు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మన దేశానికి వాడుకోనిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లను ఎంచుకున్నారు. మన రాష్ట్రం నుంచి ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పక్కనున్న కర్ణాటక నుంచి రాయచూరు, గుల్బర్గా, బీజాపూర్ ఉన్నాయి. ఎంపికలో చూసింది వెనుకబాటునే. కరువు జిల్లా, వలసల జిల్లా అన్న పేరు ఆ ఒక్కసారి మనకు పనికొచ్చింది.

అప్పటికి హైదరాబాద్ నగరంలోనే టీవీ కేంద్రం లేదు. అది 1977లో మొదలైంది. అంటే రాజధానిలోని డాక్టర్లు, లాయర్ల ఇళ్ల కంటే ముందే పాలమూరు జిల్లాలోని కొన్ని పల్లెల్లో రైతులు, కూలీలు, బడి పిల్లలు టీవీ చూశారు.

ఎలా సాధ్యమైందంటే, మామూలు టీవీకి నేల మీద పెద్ద టవర్ కావాలి. దాని సిగ్నల్ దాదాపు చూపు ఆనినంత మేరకే పోతుంది. గుట్టలు అడ్డొస్తే అదీ తగ్గుతుంది. ఉపగ్రహానికి ఆ బాధ లేదు. పైనుంచి ఒకేసారి వేల ఊళ్ల మీదికి పంపుతుంది. కింద కావాల్సింది పది అడుగుల వెడల్పున్న ఒక గొడుగు, టీవీ. ఆ గొడుగు కూడా ఖరీదైనదేం కాదు, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీ లాంటిదే. టీవీ సెట్లు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. సెట్టు ఎవరింట్లోనూ పెట్టలేదు. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో, ఊరంతా వచ్చి కూర్చోగలిగే చోట పెట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు టైంటేబుల్ సంగతి. రోజుకు నాలుగు గంటల ప్రసారం. ఉదయం గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఉపగ్రహం ఒకటే, చూసే ఊళ్ల భాషలు హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ. ఉదయం 90 నిమిషాలను నాలుగు భాషలకు పంచితే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు వచ్చింది. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఆ రోజు పాఠం అంతే. సారు ఆలస్యంగా వచ్చినా, వాన పడినా అది ఆగదు, తిరిగి రాదు. ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాట వినిపించే ఏర్పాటు కూడా ఉండేది. గద్వాల వైపువాళ్లకు దీని రుచి వేరేగా తెలుస్తుంది. నడిగడ్డలో సంతకు పోతే రెండు భాషలు చెవిన పడతాయి కదా, ఆకాశంలోనూ అదే జరిగింది.

సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంత ఆటాపాటా వచ్చేవి. అందులో ఒక అరగంట మాత్రం ఏ భాషవాళ్లయినా అందరూ కలిసి చూడాల్సిన కార్యక్రమం. టీచర్లకూ విడిగా సెలవుల్లో సైన్స్ శిక్షణ ఇచ్చారు. దేశం మొత్తం మీద దాదాపు 50 వేల మంది ఉపాధ్యాయులు అలా నేర్చుకున్నారు.

1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది. ఏడాది పాటు రోజూ బొమ్మ చూసిన ఊళ్లలో టీవీ ఒక్కసారిగా ఖాళీ అయింది.

మళ్లీ బొమ్మ రావడానికి

ఆ ఊళ్లలో కొన్నింటినైనా నిలబెట్టుకోవాలని తర్వాత నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. హైదరాబాద్, గుల్బర్గా ఆ జాబితాలోవే. కానీ హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్‌కే వంద కిలోమీటర్లు దాటుతుంది, వనపర్తి, గద్వాల ఇంకా దూరం. అందుకే మన పట్టణాల్లో డాబాల మీద అంత పొడవు ఇనుప పైపులు లేచాయి. ఒకరు పైన యాంటెన్నా తిప్పడం, ఒకరు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరవడం చూసినవాళ్లకు కారణం తెలియకపోవచ్చు. సిగ్నల్ చివరి అంచున కూర్చున్నవాళ్ల కష్టం అది. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లాక, 1984 నుంచి చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశమంతా వేగంగా పెరిగాయి. మన సాయంత్రాలకు ఒక పద్ధతి వచ్చింది అప్పుడే.

సాయంత్రం హైదరాబాద్ వంతు, రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఢిల్లీ వంతు. ఈ విభజన ఎవరూ చెప్పకుండానే ఇంటి పనులకు గడియారంగా మారింది. 'పాడిపంటలు' వస్తోందంటే పశువుల పని అయిపోవాలి. తెలుగు వార్తలంటే శాంతిస్వరూప్ గారే. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ఆ రోజుల్లో తెర మీద అక్షరాలు చూసి చదివే టెలిప్రాంప్టర్ లేదు. చాలా ఏళ్లు ఆయన వార్తలను ముందుగా మనసులో పెట్టుకుని చెప్పారు. 2024 ఏప్రిల్‌లో ఆయన చనిపోయినప్పుడు మన వయసువాళ్లకు ఇంటి పెద్దమనిషి పోయినట్టు అనిపించింది. పిల్లలకు మాత్రం ఆ పేరే తెలియదు.

తెలుగు పాటలకు 'చిత్రలహరి', హిందీ పాటలకు 'చిత్రహార్', వారాంతంలో ఒక్క తెలుగు సినిమా. ఢిల్లీ వంతు వచ్చాక అంతా హిందీ. 1984లో మొదలైన 'హమ్ లోగ్' సగం అర్థమయ్యీ కాకుండానే చూశాం. ఉర్దూ చెవిన పడి పెరిగిన మన ప్రాంతంవాళ్లకు కోస్తావాళ్ల కంటే కాస్త నయం. 'రామాయణం' 1987 జనవరి 25న, 'మహాభారతం' 1988 అక్టోబర్ 2న మొదలయ్యాయి. తొంభైల్లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ', మంజులా నాయుడు 'ఋతురాగాలు' వచ్చేసరికి తెలుగు సీరియల్ కోసం ఎదురుచూడటం కూడా అలవాటైంది. మధ్యలో కరెంటు పోతే ఏం చేయగలం? 'అంతరాయానికి చింతిస్తున్నాము' అనే బోర్డు చూసి మనమూ చింతించడమే.

గడప లోపల, గడప బయట

పిల్లలకు చెప్పేటప్పుడు మనం దాటేసే ముక్క ఇది. 1975లో సెట్టు బడిలో ఉండేది, అందరిదీ. 1987కు వచ్చేసరికి సెట్టు ఒకరి ఇంట్లో ఉంది. ఎనభైల్లో పల్లెలో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేవి. రామాయణానికి ఊరంతా ఒకచోట చేరిందని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, చేరింది. కానీ ఎవరు మంచం మీద కూర్చున్నారు, ఎవరు నేల మీద, ఎవరు గడప బయటే నిలబడి కిటికీ చువ్వల్లోంచి చూశారు అన్నది కూడా ఆ జ్ఞాపకంలో భాగమే. ఇంటివాళ్లకు కోపం వస్తే తలుపు పడేది. ఆ తలుపు బయట నిలబడిన పిల్లలు ఈరోజు తాతలు, అవ్వలు. వాళ్లను "ఆ రోజులు బాగుండేవా?" అని అడిగి చూడండి. జవాబు ఒక్కమాటలో రాదు. బతుకుదెరువు కోసం బొంబాయి, పూణే పోయిన కుటుంబాల పిల్లలకైతే ఆ ఆదివారాల జ్ఞాపకం ఇంకో చోటిది, ఇంకో తీరుది.

అంటే టైంటేబుల్ మనల్ని కలిపింది ప్రేమతో కాదు, కొరతతో. ఛానల్ ఒకటే, సెట్లు కొన్నే, గంటలు కొన్నే. ఉన్న కొంచెమూ అందరూ ఒకే వేళకు తీసుకోవాల్సి వచ్చింది కాబట్టి మర్నాడు మాట్లాడుకోవడానికి అందరి దగ్గరా ఒకే కథ ఉండేది. ఆ కలిసిన మాటలే మనం ఇప్పుడు తలచుకుంటున్నది. యాంటెన్నా తిప్పడాన్ని ఎవరూ తలచుకోరు, నిజం చెప్పాలంటే.

తర్వాత కథ మీకు తెలిసిందే. కేబుల్ వచ్చింది, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. కొన్నాళ్లు ఊరి కేబుల్ ఆపరేటర్ నడిపే లోకల్ ఛానల్ కూడా ఉండేది. మధ్యాహ్నం సినిమా, కింద స్క్రోలింగ్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల షాపు ఆఫర్లు, బడుల అడ్మిషన్ ప్రకటనలు. ఛానళ్లు పెరిగాక రిమోట్ కోసం కొట్లాట, ఆ తర్వాత చేతికొక ఫోన్. నేల మీది దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నీ ఆపేశారు.

టైంటేబుల్ మధ్యలో ఒకసారి తిరిగొచ్చింది. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-సాట్‌లో పాఠాలు నడిచాయి. 3వ తరగతికి ఒక వేళ, 10వ తరగతికి ఒక వేళ. మన పిల్లలు ఫోన్లలో ఆన్‌లైన్ క్లాసులు వింటున్న ఆ నెలల్లో, పక్క వీధి పిల్లలు టీవీ ముందు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఇద్దరు పిల్లలు, ఒకటే టీవీ ఉన్న ఇంట్లో ఎవరి పాఠం ముందో తేల్చాల్సి వచ్చింది. 45 ఏళ్ల కిందట పాలమూరు పల్లె బడిలో ఇరవై రెండున్నర నిమిషాల పాఠం కోసం కూర్చున్న పిల్లల స్థితే అది.

ఈ నెల ఇంట్లో ఒక పని

ఫోన్ ఎంతసేపు అన్న గొడవ ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో వస్తుంది. ఎన్ని గంటలని మనం చెప్పడం, పిల్లలు వినకపోవడం మామూలే. ఒక ఆదివారం ఆ పని వాళ్లకే అప్పగించి చూడండి. ఇంట్లో ఒకటే తెర, సాయంత్రం 150 నిమిషాలు, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ పంచాలి. అవ్వకు సీరియల్, నాన్నకు క్రికెట్, అన్నకు గేమ్, చెల్లికి కార్టూన్. సైట్‌లో చేసినట్టే ఒక అరగంట మాత్రం అందరూ కలిసి చూసేది అయ్యుండాలి. ఆ అరగంటలో ఏం పెట్టాలన్న దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది. పిల్లలు వేసిన టైంటేబుల్‌ను మనమూ పాటించాలి. వార్తలు చూస్తుండగా వంతు అయిపోతే లేవాల్సిందే. 5వ తరగతి పైన చదివే పిల్లలు ఆ కాగితాన్ని క్లాస్ టీచర్‌కు ఇవ్వవచ్చు.

ఇంకొకటి. 1975లో ఆ బడి పాఠాలు చూసిన పిల్లలకు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ వయసు ఉంటుంది. మీ ఇంట్లోనో, మీ సొంత ఊళ్లోనో వాళ్లు ఉండవచ్చు. సెలవుకు ఊరికి వెళ్లినప్పుడు పిల్లలతో అడిగించండి: మన ఊరికి జాలీ గొడుగున్న టీవీ వచ్చిందా? ఎక్కడ పెట్టారు? సాయంత్రం ఆడవాళ్లు కూడా వచ్చేవారా? ముందు వరసలో ఎవరు కూర్చునేవారు? ఉపగ్రహం వెళ్లిపోయాక ఆ సెట్టు ఏమైంది? జవాబులు తాత మాటల్లోనే, ఆయన యాసలోనే రాయించండి. గ్రామం పేరు, ఆయన అప్పుడు చదివిన తరగతి మాత్రం మరవకుండా పైన వేయమనండి.