వేసవిలో హోటలు భోజనము

వేసవి సెలవులలో పెండ్లిండ్లకును, వైద్యమునకును, బంధువులను చూచుటకును ప్రజలు పట్టణములకు బోవుచుందురు. విజయవాడవంటి నగరమున మిట్టమధ్యాహ్నము రైలు దిగినవారికి హోటలే శరణ్యము. మే మాసమున అచ్చట ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటుట సామాన్యము. రోహిణికార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రోళ్ల మాట యెట్లున్నను, ఆ వేడిమికి వండిన పదార్థములు త్వరగా చెడునని అందఱును ఎఱుగుదురు. ఇట్లేల జరుగును?

ఆహారము చెడుటకు ముఖ్యకారణము కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇవి సుమారు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ వృద్ధిపొందును. అనుకూలమైన వెచ్చదనమున కొన్ని జాతుల సూక్ష్మజీవులు 20 నిమిషముల కొకమాఱు రెండేసిగా చీలును. ఒక్కదానితో మొదలిడినను, గంటకు 8, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096 అగును. మధ్యాహ్నము వండి బల్లపై నుంచిన కూర సాయంకాలమునకు రంగును వాసనయు మాఱకయే రోగకారణము కావచ్చును. కావున కన్నును ముక్కును మాత్రమే నమ్మరాదు.

“మరల వేడిచేసిన దోషము పోదా?” యని మీరడుగవచ్చును. అన్నివేళల పోదు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు బియ్యములో నుండి, అన్నము ఉడికినను చావక నిలుచును. అన్నము గంటలకొలది గోరువెచ్చగా నున్నచో అవి మేల్కొని వృద్ధిచెంది విషమును పుట్టించును. వాంతులు కలిగించు ఆ విషము మరల కాచినను నశింపదు.

అన్ని పదార్థములును ఒకే తీరున చెడవు. తడి యెక్కువగా నుండి, ఉడికింపక రుబ్బిన కొబ్బరిపచ్చడి త్వరగా పాడగును. పులుపు గల పులిహోర అంతకంటె కొంత నిలుచును. ఉప్పు, నూనె, పులుపు దండిగా గల ఊరగాయ నెలల తరబడి నిలుచును. పులుపును ఉప్పును సూక్ష్మజీవుల పెంపును అడ్డగించును గదా! దూరప్రయాణములకు మన పెద్దలు పులిహోర మూటగట్టుటలోని మర్మ మిదియే.

వేసవిలో అన్నముకంటె నీటివలన కలుగు కీడు తక్కువ కాదు. చల్లగా నున్న నీరెల్ల శుభ్రమైనదని భ్రమపడరాదు. గడ్డకట్టినంతమాత్రమున సూక్ష్మజీవులన్నియు చావవు. ఐసు కరగినతోడనే బ్రతికియున్నవి పానీయములో చేరును. కాచి చల్లార్చిన నీరు గాని, శుద్ధిచేసిన నీరు గాని త్రాగుట మేలు.

ఈ విషయమున ప్రభుత్వము చట్టము చేసినది. 1954 నాటి ఆహారకల్తీ నివారణ చట్టమునకు మాఱుగా 2006లో ఆహార భద్రతా ప్రమాణాల చట్టము వెలసి, 2011లో అమలునకు వచ్చినది. హోటలువారు లైసెన్సు గాని రిజిస్ట్రేషను గాని పొంది, 14 అంకెలుగల దాని సంఖ్యను అందఱకు కనబడునట్లు ఉంచవలయును. చెడిన ఆహారము వడ్డించినచో ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయవచ్చును.

అయినను చట్టము మన పక్కన కూర్చుండి భోజనము చేయదు. జాగ్రత్త మనదే. పొగలు గ్రక్కు పదార్థములనే కోరుడు. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. కోసియుంచిన పండ్లను విడువుడు. మిగిలినదానిని మూటగట్టి సాయంకాలమునకు దాచకుడు. “ఇది యెప్పుడు వండినది?” యని అడుగుట తప్పు కాదు, కాని మర్యాదగా అడుగుడు. ఆ యెండలో పొయ్యికడ నిలిచి వండువారి శ్రమ మనకంటె ఎక్కువది.

ఒకవేళ వాంతులు, విరేచనములు కలిగినచో లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చెంచాల పంచదారను, అరచెంచా ఉప్పును కలిపి కొద్దికొద్దిగా త్రాగించుచు, వెంటనే వైద్యుని చూడవలయును. చెంచాయనగా తలకొట్టిన చిన్నచెంచా. ఉప్పు అంతకు మించరాదు.

ఆకలి తీర్చుకొనుట ప్రాణధర్మము. తినుబండారమును పరిశీలించి తినుట వివేకము. వేసవిలో ఈ రెంటిని విడదీయరాదు.