బీఈడీ చేసిన టీచర్లు స్పెషల్ ఎడ్యుకేషన్‌లోకి రావాలంటే: ఫీజు కట్టేముందు ఇది చదవండి

మీరు బీఈడీ చేసి బడిలో పాఠాలు చెబుతున్నారా? భవిత కేంద్రంలో పనిచేయాలనో, దివ్యాంగ పిల్లలకు చెప్పే స్పెషల్ టీచర్ పోస్టుకు పోటీ పడాలనో అనుకుంటున్నారా? ఈ సమాచారం మీ కోసమే.

నా బీఈడీ సరిపోదా?

సరిపోదండీ. మామూలు బీఈడీని గుర్తించేది ఎన్‌సీటీఈ. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులను గుర్తించేది భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ. 1992 నాటి చట్టం ప్రకారం ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కొద్దిరోజుల శిక్షణలు తరగతి గదిలో పనికొస్తాయి, కాదనం. కానీ అవి బీఈడీ స్పెషల్‌కు బదులు కావు.

పోస్టులు ఉంటాయా?

ప్రాథమిక స్థాయిలో 10 మంది దివ్యాంగ పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ స్పెషల్ పోస్టులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఏ పోస్టుకు ఏ అర్హతో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో టెట్ కూడా వేరే: స్పెషల్ టీచర్లు 1-బి, 2-బి పేపర్లు రాయాలి.

ఎక్కడ చదవాలి?

రెగ్యులర్ కోర్సు రెండేళ్లు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో మేధో వైకల్యం విభాగం ఉంది. ఉద్యోగం మానలేనివారికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రెండున్నరేళ్ల దూరవిద్య కోర్సు నడుపుతోంది. డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది.

దూరవిద్య అంటే ఇంట్లో కూర్చుని చదివి పరీక్ష రాయడమే అనుకోకండి. కాంటాక్ట్ క్లాసులకు వెళ్లాలి, ప్రత్యేక పాఠశాలలో పిల్లలతో ప్రాక్టికల్స్ చేయాలి. ఆ రోజులకు సెలవు కావాలి కదా! ప్రభుత్వ టీచర్లయితే శాఖ అనుమతి ముందే తీసుకోండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుపోతారు.

ఏ విభాగం తీసుకోవాలి?

సీటు ఖాళీగా ఉందని ఏదో ఒకటి తీసుకోవద్దు. దృష్టి లోపం విభాగంలో బ్రెయిలీ నేర్చుకుంటారు. వినికిడి లోపంలో సంజ్ఞా భాష, మాట్లాడించే శిక్షణ ఉంటాయి. మేధో వైకల్యంలో ఒక్కో బిడ్డకు విడిగా బోధనా ప్రణాళిక రాయడం, తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పడం ఉంటుంది. ముందు మీ మండలంలోని భవిత కేంద్రానికి ఒకరోజు వెళ్లి చూడండి. అక్కడి ఐఈఆర్‌పీలను అడిగితే ఎలాంటి పిల్లలు వస్తున్నారో, పని ఎలా ఉంటుందో చెబుతారు.

ఫీజు కట్టేముందు

ఆర్‌సీఐ వెబ్‌సైటులో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంటుంది. అందులో కాలేజీ పేరు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మీరు చేరే విభాగానికి గుర్తింపు ఉందా, అది ఏ విద్యాసంవత్సరం వరకు, ఎన్ని సీట్లకు అనేది చూడండి. వినికిడి లోపానికి గుర్తింపు ఉన్న కాలేజీ మేధో వైకల్యంలో కూడా అడ్మిషన్ ఇస్తానంటే, ఆ రెండోదానికి గుర్తింపు లేకపోవచ్చు. "అప్రూవల్ వచ్చే నెల వస్తుంది, ముందు చేరండి" అంటే మాత్రం డబ్బు కట్టకండి. రెండేళ్లు చదివాక రిజిస్ట్రేషన్ రాకపోతే ఆ సర్టిఫికెట్ డీఎస్సీ వెరిఫికేషన్‌లో నిలబడదు.

ఇంకో మాట: దూరవిద్యలో చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. రెగ్యులర్ కోర్సులో చేరితే ఆదాయ పరిమితి చూసి ఇస్తారు.

పాసయ్యాక

డిగ్రీ చేతికి రాగానే ఆర్‌సీఐకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి సీఆర్ఆర్ నంబరు తీసుకోండి. నోటిఫికేషన్ పడ్డాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోవచ్చు. ఆ రిజిస్ట్రేషన్ 5 ఏళ్లే చెల్లుతుంది. మధ్యలో ఆర్‌సీఐ గుర్తించిన సీఆర్ఈ శిక్షణలకు వెళ్లి పాయింట్లు తెచ్చుకుంటేనే రెన్యువల్ అవుతుంది. ఆ హాజరు సర్టిఫికెట్లన్నీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, అసలువి ఫైలులో దాచుకోండి.