కణంలోకి నీరు, కణం నుంచి నీరు: ద్రవాభిసరణపై మూడు ప్రయోగాలు

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివి, ప్రయోగాలు చేసిన తరువాత మీరు:
• విసరణ, ద్రవాభిసరణ, సక్రియ రవాణాల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• ద్రవాభిసరణకు వరణాత్మక పారగమ్య త్వచం అవసరమని ప్రయోగపూర్వకంగా నిరూపించగలుగుతారు.
• మొక్క కణజాలపు నీటి శక్మాన్ని లెక్కించగలుగుతారు.

1. పరిచయం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాట సాగు చేసే రైతులకు నారు వాడిపోవడం కొత్త కాదు. నేల ఎండి నారు వాడితే నీరు పెడితే తేరుకుంటుంది. కానీ కొన్నిసార్లు మడి తడిగానే ఉన్నా, ఎరువు ఎక్కువగా వేసిన ఒకటి రెండు రోజుల్లో నారు తల వాలుస్తుంది. పక్కనే నీరున్నా వేరు దాన్ని ఎందుకు తీసుకోలేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వేరు కణాల త్వచం దగ్గర దొరుకుతుంది. ఆ జవాబును మీరు ఒక బంగాళాదుంప (మన వైపు ఉర్లగడ్డ), ఒక ఉల్లిపాయ (ఎర్రగడ్డ), కొంచెం చక్కెర, కొంచెం ఉప్పుతో స్వయంగా రాబట్టవచ్చు.

2. ముఖ్య భావనలు

పదార్థ అణువులు తమ గాఢత ఎక్కువగా ఉన్న చోటు నుంచి తక్కువగా ఉన్న చోటుకు వ్యాపించడం విసరణ. అగరుబత్తి వాసన గదంతా పరచుకోవడం ఇందుకు ఉదాహరణ. దీనికి త్వచంతో పని లేదు.

నీటిని సులభంగా పోనిచ్చి, కరిగి ఉన్న చాలా పదార్థాలను అడ్డుకునే త్వచాన్ని వరణాత్మక పారగమ్య త్వచం అంటారు. ఇలాంటి త్వచం గుండా నీరు, నీటి శక్మం ఎక్కువగా ఉన్న వైపు నుంచి తక్కువగా ఉన్న వైపుకు కదలడమే ద్రవాభిసరణ. వాతావరణ పీడనం వద్ద శుద్ధ జలం నీటి శక్మం సున్న. అందులో చక్కెర గాని, ఉప్పు గాని కరిగిస్తే అది రుణ విలువకు పడిపోతుంది. కాబట్టి "ఉప్పు నీటిని లాగుతుంది" అనే వాడుక మాట కంటే "నీరు తక్కువ నీటి శక్మం వైపు కదిలింది" అని రాయడం శాస్త్రీయంగా సరైనది.

పై రెండింటికీ కణం శక్తిని ఖర్చు చేయదు. నేలలో తక్కువగా ఉన్న పొటాషియం వంటి అయాన్లను, తమలో అప్పటికే ఎక్కువగా ఉన్నా, వేరు కణాలు ఇంకా లోపలికి తీసుకోగలవు. ఇందుకు ఏటీపీ శక్తి కావాలి. ఇది సక్రియ రవాణా. నీటిని మాత్రం కణం నేరుగా ఇలా తోడుకోలేదు.

తెలుసుకోండి: 1748లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోలే, ఆల్కహాలు నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొరను కట్టి నీటిలో ఉంచితే, నీరు లోపలికి చేరి పొర ఉబ్బడాన్ని గమనించాడు. కణ త్వచంలో నీటికి ప్రత్యేక ప్రోటీన్ దారులు (ఆక్వాపోరిన్లు) ఉన్నాయని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

3. ప్రయోగం 1: బంగాళాదుంప ఆస్మోస్కోపు

ఒకే పరిమాణం గల మూడు దుంపలు తీసుకోండి. ఒకదాన్ని ఉడికించి చల్లార్చండి. మూడింటి తొక్క తీసి, అడుగు చదునుగా కోసి, పైనుంచి గుంత తవ్వండి. గుంత అడుగున సుమారు ఒక సెంటీమీటరు మందం మిగలాలి.

'అ' పచ్చి దుంప: గుంతలో సగం వరకు 20 శాతం చక్కెర ద్రావణం.
'ఆ' పచ్చి దుంప: గుంతలో సగం వరకు మామూలు నీరు.
'ఇ' ఉడికిన దుంప: గుంతలో సగం వరకు 20 శాతం చక్కెర ద్రావణం.

గుంతలోని ద్రవ మట్టం వద్ద గుండుసూది గుచ్చండి. దుంపలను నీరున్న పళ్ళాలలో ఉంచండి. పళ్ళెంలోని నీరు గుండుసూది కంటే కిందనే ఉండాలి. లేకపోతే మట్టం పెరగడానికి బయటి నీటి పీడనమే కారణమని ఎవరైనా అనవచ్చు.

రెండు గంటల తరువాత 'అ'లో మట్టం గుండుసూదిని దాటుతుంది. 'ఆ'లో పెరగదు. దుంప కణాలే కొంత నీరు పీల్చుకోవడం వల్ల కాస్త తగ్గవచ్చు కూడా. 'ఇ'లో చక్కెర ఉన్నా 'అ'లో లాగా మట్టం పెరగదు. ఉడికించడంతో త్వచాలు పాడై, చక్కెరను అడ్డుకునే గుణం పోయింది.

చాలామంది విద్యార్థులు 'అ' ఒక్కటే చేసి ఫలితం రాస్తారు. దానితో నీరు లోపలికి వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. గాఢతలో తేడా అవసరమని 'ఆ', త్వచం పాడవకుండా వరణాత్మక పారగమ్యంగా ఉండాలని 'ఇ' చెబుతాయి. ఈ రెండు నియంత్రణలు లేకుండా నిరూపణ పూర్తి కాదు.

4. ప్రయోగం 2: నీటి శక్మాన్ని లెక్కించడం

సుక్రోజ్ అణుభారం 342. కాబట్టి 100 మిల్లీలీటర్ల 0.2 మోలార్ ద్రావణానికి 6.84 గ్రాములు, 0.4కు 13.68 గ్రాములు, 0.6కు 20.52 గ్రాములు కావాలి. నాలుగో పాత్రలో నీరు మాత్రమే తీసుకోండి. సమాన పొడవున్న దుంప ముక్కలను తూచి, ఒక్కొక్క పాత్రలో గంటన్నర ఉంచండి. బయటికి తీసి, అద్దుడు కాగితంతో తడి తుడిచి మళ్ళీ తూచండి. తడి తుడవకపోతే పైన అంటిన నీరు కూడా బరువులో కలుస్తుంది.

బరువులో మార్పు శాతం = (చివరి బరువు – మొదటి బరువు) ÷ మొదటి బరువు × 100

ఉదాహరణకు 4.00 గ్రాముల ముక్క 4.36 గ్రాములైతే మార్పు +9 శాతం, 3.60 గ్రాములైతే –10 శాతం. గాఢతను అడ్డంగా, మార్పు శాతాన్ని నిలువుగా తీసుకుని గ్రాఫు గీయండి. గీత సున్నను దాటిన గాఢత వద్ద కణజాలం, ద్రావణం రెండింటి నీటి శక్మమూ సమానం. అది 0.3 మోలార్ అనుకుందాం. 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్ వద్ద:

నీటి శక్మం = – (0.3 × 0.00831 × 300) = సుమారు –0.75 మెగాపాస్కల్

ఇది కణజాలం మొత్తం నీటి శక్మం. కణరసపు ద్రావిత శక్మం ఒక్కటే కాదు. కణకవచం కలిగించే పీడన శక్మం కూడా ఇందులో చేరి ఉంది.

5. ప్రయోగం 3: కణద్రవ్య సంకోచం

ఎర్ర ఉల్లిపాయ పొర మీది రంగు తోలును పలుచగా ఒలిచి, గాజు పలకపై నీటి బొట్టులో ఉంచి సూక్ష్మదర్శినిలో చూడండి. రంగు కణం నిండా కనిపిస్తుంది. కవర్ స్లిప్ ఒక అంచున 5 శాతం ఉప్పు ద్రావణం వేసి, రెండో అంచున అద్దుడు కాగితం పెట్టి నీటిని పీల్చండి. కొన్ని నిమిషాలలో రంగు భాగం కణకవచం నుంచి విడివడి ముడుచుకుంటుంది. ఇదే కణద్రవ్య సంకోచం. ఇప్పుడు ఉప్పు ద్రావణం బదులు మంచినీరు పంపితే అది మళ్ళీ విచ్చుకుంటుంది.

ముడుచుకున్న త్వచానికీ కణకవచానికీ మధ్య ఖాళీలో ఏముంటుంది? ఉప్పు ద్రావణమే. కణకవచం దాన్ని అడ్డుకోదు. అడ్డుకునేది ప్లాస్మా త్వచం. ఒలిచిన తోలును మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి ప్రయోగం చేస్తే రంగు బయటికి కారిపోతుంది, సంకోచం కనిపించదు. ప్రయోగం 1లో ఉడికిన దుంప చెప్పిన మాటే ఇక్కడా నిజమైంది.

6. అనువర్తనం

ఎరువు మోతాదు మించితే నేలలోని నీటిలో లవణాలు పెరిగి, దాని నీటి శక్మం వేరు కణాల కంటే తగ్గుతుంది. అప్పుడు నీరు వేరులోకి రాదు. వేరు నుంచే బయటికి పోతుంది. ఇంకా ఎరువు వేయడం దీనికి మందు కాదు. మంచినీరు పారించి లవణాలను వేళ్ళ కిందికి దింపాలి. ప్రయోగం 3లో కణం విచ్చుకున్నట్టే, త్వచాలు చనిపోకముందే నీరు అందితే నారు కోలుకుంటుంది. ఆలస్యమైతే కోలుకోదు.

తడి నేలలో టమాట వాడిందంటే ప్రతిసారీ ఇదే కారణం కాదు. బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులులోనూ మొక్క పచ్చగానే ఉండి వాడుతుంది. కాండం మొదలు కోసి, ఆ ముక్కను తేట నీరున్న గ్లాసులో వేలాడదీస్తే పాలలాంటి తెల్లని దారాలు కిందికి జారితే అది తెగులు. అలా వాడిన మొక్కను పీకి నాశనం చేయాలి. మంచినీరు పారిస్తే ఫలితం ఉండదు, పైగా పారిన నీటితో తెగులు పక్క మొక్కలకు పాకవచ్చు.

ఇంట్లో ఆవకాయ ముక్కలకు ఉప్పు కలిపినప్పుడు ఊరే నీరు, నానబెట్టిన ఎండుద్రాక్ష ఉబ్బడం కూడా ద్రవాభిసరణే.

7. సారాంశం

ద్రవాభిసరణకు రెండు షరతులు: నీటి శక్మంలో తేడా, వరణాత్మక పారగమ్య త్వచం. నీరు ఎటు కదలాలో మొదటిది నిర్ణయిస్తుంది. కరిగిన పదార్థాలను అడ్డుకుని ఆ తేడాను నిలిపేది రెండోది. త్వచం పాడైతే ద్రవాభిసరణ ఆగిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రయోగం 1లో 'ఆ' దుంపను వదిలేస్తే మీ నిర్ణయంలో ఏ లోపం మిగులుతుంది?
2. దుంప ముక్క బరువు 5.00 గ్రాముల నుంచి 4.60 గ్రాములకు తగ్గింది. మార్పు శాతం ఎంత? ద్రావణం నీటి శక్మం కణజాలం కంటే ఎక్కువా, తక్కువా?
3. మీ ఊరిలో తడి నేలలో వాడిన టమాట మొక్కను చూస్తే, కారణం ఎరువా, తెగులా అని ఏ వరుసలో పరీక్షిస్తారు?